మా సారు కూసున్న పరీక్ష

పంతొమ్మిది వందల అరవైల చివర్ల నేను యూనివర్సిటీల సైకాలజీ ఎం.ఏ. చదువుతున్న. పరీక్షలైపోయినయి, ఇగ ప్రాజెక్టు మీద మా గైడు సారు సంతకం ఒక్కటే బాకీ. అది పడకపోతే ఇంకో ఏడాది. మా నాయన ఇంకో ఏడాది ఆగడు, చదివింది చాలు ఊరికి రమ్మంటడు.

పని సులువే. నేను అంకెలు చదవాలె, విన్నోళ్ళు వాటిని చివరకెళ్ళి మొదటికి చెప్పాలె. హాస్టలు పిల్లలందరు కూడబలుక్కున్నట్టు ఐదు, ఆరు అంకెల కాడ ఆగిపోయిన్రు. అరవై దాటినోళ్ళ కోసం తార్నాక, లాలాగూడ ఇండ్లు తిరిగితే అప్పుడు చూడాలె తమాషా. ఒకామెకు మూడే గగనం. ఆమె పక్కింటామె బియ్యం ఏరుకుంటనే ఆరు చెప్పింది. రైల్వే వర్క్‌షాప్‌ల రిటైరైన తాత తొమ్మిది గడగడ అప్పజెప్పిండు. రిపేరుకొచ్చిన వ్యాగన్ల నంబర్లు కేకేసి చెప్పుడే ఆయన నౌకరి. ఊసుపోక ఆ నంబర్లను తిరగేసుకుంటుండెనట. నాకైతే సంబరమే సంబరం! వయసులున్నప్పుడు అందరం ఒక్క తొవ్వల నడుస్తం, ముసలితనంల ఎవరి తొవ్వ వాళ్ళది.

సారుకది మింగుడుపడలే. రాయలసీమ మనిషి, మాట కరుకు. వయసైతే అందరికీ జ్ఞాపకశక్తి తగ్గాల్సిందే, తొమ్మిదెట్ల వస్తాదన్నరు.

"అంకెల కాగితం ముందే చూపించింటావు. ఆ ముసలాయన లెక్క తీసెయ్, సంతకం పెడతా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. సరే అంటే పనైపోతుండె, కానీ నా నోరు ఊకుంటదా? మీరే వచ్చి అడగున్రి సార్ అన్న. 

మర్నాడు పొద్దుగాల సారు నిజంగనే తార్నాకల తాత ఇంటికొచ్చిన్రు. తాత మంచం మీద కొత్త దుప్పటి పరిచి కూసోబెట్టి, చాయ్ తెప్పిచ్చిండు. సారు కాగితం లేకుంట నోటికొచ్చిన అంకెలు చెప్పిన్రు. తొమ్మిదికి తొమ్మిది తిరిగొచ్చినయి. పది చెప్పిన్రు, అవి గూడ వచ్చినయి.

తాత సాసర్ల చాయ్ ఊదుకుంట, ఇగ అడుగుడు నా వంతు సార్ అన్నడు. సారు కాదనొచ్చు, అనలే. కండ్లు మూసుకున్నరు. నాలుగు బాగనే చెప్పిన్రు, ఐదు అంకెలకు తప్పిన్రు. మళ్ళోసారి అడిగితే మళ్ళ తప్పిన్రు. అంత చదివిన మనిషి గట్ల తడబడుతుంటే నేను తల ఎత్తలేకపోయిన.

జరసేపటికి నవ్వు వినబడ్డది. చూస్తే సారే, కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వుతున్నరు.

"వచ్చే నెల నాకు అరవై. నాది గూడా రాసుకోమ్మా," అని పెన్ను తీసి, మంచం మీదనే సంతకం పెట్టిన్రు. నా పానం లేచొచ్చింది.

నేను కాగితాలు సర్దుకుంటుంటే సారు తాత దిక్కు తిరిగిన్రు.

"రిటైరైతే బుర్ర తుప్పు పడతాదని ఏడాది నుంచి భయపడతా ఉండాను. నాకు నేర్పిస్తావా అన్నా?"

తాత ఖాళీ కప్పు కింద పెట్టి, మంచం మీద జరిగి జాగ ఇచ్చిండు.

"దా తమ్మీ, దగ్గరికి దా. మొదలు రెండంకెలతోటి షురూ జేద్దాం."