గట్టు వెంట కొలిచిన మడి

తుమ్మపాల సత్తియ్య సర్వేయరు కాడు, చెరకు రైతు. అయినా ఆ చుట్టుపక్కల పొలం పంచుకోవలసిన అన్నదమ్ములు మొదట అతణ్ణే పిలిచేవారు. అతడి కొలతకు ఎదురుమాట ఉండేది కాదు. ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకున్నది.

చెల్లెలు తలుపులమ్మ భర్త పోయాక, ఆమెకూ మరిది అప్పలరాజుకూ పంపకం వచ్చింది. "నీ సెల్లి వాటా నువ్వే కొలు బావా, నీ మాటే నా మాట," అన్నాడు అప్పలరాజు. అతడికి వచ్చినది అరవై గజాల పొడవు, యాభై రెండు గజాల వెడల్పు గల చక్కని మడి. తలుపులమ్మకు దాని పక్కనే కాలువవైపు మడి వచ్చింది. దాని పై గట్టు నలభై గజాలు, కింది గట్టు ఎనభై, రెండూ సమాంతరం. పక్కగట్లు రెండూ ఓరగా సాగి యాభై రెండేసి గజాలున్నాయి. నిలువెత్తు చెరకులో దూరి కొలవడం ఆ ఊరి అలవాటు కాదు. గట్టు వెంట టేపు పరుస్తారు. నలభైకి, ఎనభైకి సగటు అరవై. దాన్ని ఓరగట్టు యాభై రెండుతో హెచ్చించి, రెండు మడులూ సమానమని తేల్చాడు సత్తియ్య.

ఇలాంటి మడి ఆకారానికి సమలంబ చతుర్భుజమన్నది ఎంత నిండైన సమాసం! ఓరగా కాదు, లంబంగా కొలవాలని పేరే చెబుతుంది. కాని పేర్లు బడిలో ఉంటాయి, చెరకు పొలంలో ఉంటుంది.

చెరకు కొట్టేశారు. బోడిమడిలో అడ్డంగా నడిచిన సత్తియ్యకు అవతలి గట్టు అనుకున్నదానికన్నా ముందే కాలికి తగిలింది. చెల్లెలికి తక్కువొచ్చింది. తెల్లారితే అనకాపల్లిలో రిజిస్ట్రేషన్. చెబితే చెల్లెలి కోసం మాట మార్చాడంటారు; చెప్పకపోతే ఆమె భూమి పోతుంది.

చెప్పాడు.

అప్పలరాజు నవ్వాడు. "సెరుకు కొడితే బూమి కూడా తెగిపోనాదేటి బావా?"

"టేపు అడ్డంగా పట్టి సూడు."

"నాను పట్టను. నువ్వొక్కడివే పట్టుకో."

టేపుకు రెండు కొసలు. సత్తియ్య ఒక కొస పట్టుకొని నిలబడిపోయాడు. మరిదితో ఒకే వాకిట బతకవలసిన తలుపులమ్మ తల దించుకున్నది. చాలాసేపటికి వచ్చి రెండో కొస అందుకున్నది.

"ఎంత అన్నియ్యా?"

"నలబై ఎనిమిది."

అరవైతో హెచ్చిస్తే తేడా దాదాపు అయిదు సెంట్లు.

అప్పలరాజు ముఖంలో నవ్వు పోయింది. "అయితే ఊల్లో నువ్వు కొలిసిన ఓరమడులన్నీ తప్పేనా? అందరికీ అలాగే సెప్తావా?"

సత్తియ్య టేపు చుట్టడం మొదలుపెట్టాడు. "సెప్తాను. ముందు ఈ హద్దురాయి సర్దు."

అప్పలరాజు గడ్డపార అందుకున్నాడు. ఇదంతా వింటున్న పక్క పొలం అప్పారావు, ఒకప్పుడు సత్తియ్యే కొలిచిచ్చిన తన మడిలోకి దిగి, ఓరగట్టు దగ్గర నిలబడి పిలిచాడు:

"మామా, ఆ టేపు సుట్టకు. ఇటు రా."