పాత ఉన్నితో అల్లిన ఎర్ర టోపీ

జర దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్ల మీద దుప్పటి కప్పుకోండి. డెబ్బై ఎనిమిదో సంవత్సరం చలికాలం సంగతి ఇది. అప్పుడు మేము వరంగల్ కాశిబుగ్గలో ఉండేవాళ్లం. మా ఇంటాయన నేసే మగ్గానికి నూలు సరిగా అందక అది సగం రోజులు ఊరికే ఉండేది. నేను ఉన్ని టోపీల వ్యాపారం పెడతానంటే మా అత్త నవ్వింది. "రెండు నెలల చలికి టోపీలమ్మి ఏడాదంత తింటవా పిల్లా?" అన్నది.

కొత్త ఉన్ని కొనే స్తోమత లేదు. స్టీలు గిన్నెలిచ్చి పాతబట్టలు తీసుకునే యాదమ్మ దగ్గర పాత స్వెటర్లు కొనేదాన్ని. వాటిని విప్పి, సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, ఆరాక మా రాట్నం మీదే చుట్టేదాన్ని. ఆ దారంతో మంకీ క్యాపులు అల్లేదాన్ని. అంటే ముఖం మాత్రం బయటికుండి చెవులూ మెడా కప్పే టోపీలు. వాటి అంచుకు రిబ్ వెయ్యాలి. లాగితే సాగి, వదిలితే బిగుసుకునే అల్లిక అది.

అడవి పక్క ఊళ్లలో చలి ఎక్కువని మూట కట్టుకుని ఒక్కదాన్నే ములుగు బస్సెక్కాను. మొదటి వారపు అంగడిలోనే సగం మూట ఖాళీ అయింది. సమ్మక్క అనే పడుచుపిల్ల, ఇంకా ఏడాది నిండని తన బిడ్డకు ఎర్ర టోపీ కొన్నది.

మళ్లీ అంగడి నాడు ఆమె జనాన్ని తోసుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. భుజం మీద పిల్ల వణుకుతోంది, ఒళ్లు కాలిపోతోంది. టోపీని మాత్రం ఆమె వేళ్ల కొసలతో దూరంగా పట్టుకుంది. అది పాతబట్టల ఉన్ని అని ఊళ్లో ఎవరో చెప్పారట.

"అక్కా, గీ ఉన్ని ఎవలది? సచ్చినోళ్ల స్వెటరా?"

మా వైపు మనిషి పోతే వాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరు, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. అవి చేతులు మారి యాదమ్మ గంపలోకి రాలేదని ఎట్లా చెప్పను? ఆ టోపీ కోసం విప్పిన ఎర్ర స్వెటర్ పెద్దవాళ్లది, మోచేతుల దగ్గర కూడా అరగలేదు. అంత మంచిది ఎందుకు వదిలేశారో అనే ఆలోచన నాకు అప్పుడే మొదటిసారి వచ్చింది.

"తెల్వదు చెల్లె," అన్నాను.

చుట్టూ జనం మూగారు. నన్ను కొడతారనే అనుకున్నాను. మూట అక్కడే వదిలి, తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని దవాఖానకు నడిచాను. అక్కడ పిల్ల వేలికి సూది గుచ్చి రక్తం చూశారు. మలేరియా అన్నాడు డాక్టరు, దోమల వల్ల వచ్చిందన్నాడు. సమ్మక్క నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా నమ్మలేదు.

పొద్దు గూకేసరికి కిటికీలోంచి చలి కొట్టింది. పిల్ల తల బోడిగా ఉంది. బల్ల మీద పడేసిన టోపీ తీసి పెట్టబోతే సమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు.

"నీ బిడ్డకు పెడ్తవా?"

ఇంట్లో నాకూ రెండేళ్ల బిడ్డ ఉంది. పెడతానని నోరు రాలేదు. సమ్మక్క తన కొంగు చింపి పిల్ల తలకు చుట్టింది.

మందు పనిచేసి పిల్ల బతికింది. టోపీ బల్ల మీదే వదిలేసి, నాతో మాట్లాడకుండానే సమ్మక్క వెళ్లిపోయింది. దాన్ని ఇంటికి తెచ్చి ఉతికి, ఆరిన రోజు రాత్రి నా బిడ్డ తలకు తొడిగాను. తెల్లవార్లూ దాని నుదురు తడుముతూనే ఉన్నాను.

కొన్నేళ్లకు దుకాణం పెట్టాం, కొత్త ఉన్ని తెప్పించాం. అందాకా పిల్లల టోపీ ఏది అల్లినా ముందు నా బిడ్డ తల మీద ఒక రాత్రి ఉండి, తర్వాతే మూటలోకి చేరేది. కొనేవాళ్లకు ఆ మాట చెప్పేదాన్ని. కొందరు టోపీ కింద పెట్టి వెళ్లిపోయేవారు. వెళ్లనీ. నా ఇంట్లోకి రానివ్వని భయాన్ని ఇంకొకరి ఇంటికి అమ్మకూడదని ఆ దవాఖానలో తెలిసింది.

మీ ఇంటి పిల్లల నుదురు తడిమినప్పుడల్లా మీ చేతికి చల్లగానే తగలాలి తల్లీ.