చేపల మాగ్రీటా, రెట్టల వైనో

మా వాల్విస్ బేకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ముక్కు మూసుకుంటారు, తర్వాతే మాట్లాడతారు. ఒకవైపు ఇసుక దిబ్బలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో మేమూ మా కంపూ. చేపల ఫ్యాక్టరీలు జోరుగా నడిచిన రోజుల్లో ఆ కంపు తగలని పూట వస్తే ఆడవాళ్ళకి గుండెలో రాయి పడేది. పడవలు రాలేదన్నమాట.

మాగ్రీటా అలాంటి ఒక ఫ్యాక్టరీలో చేపల తలలు కోసేది. పడవలు రేవులోకి రాగానే ఫ్యాక్టరీ కూత పెట్టేది. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో గొంతు. తన కూత చెవిన పడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, తలగుడ్డ బిగించుకుంటూ పరుగు తీసేది. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో కూత వినబడింది. సగం మంది ఆడవాళ్ళు లేచిపోయారు. పాస్టరుగారు కూడా గబగబా "ఆమెన్" అనేశారు. వాళ్ళావిడా అక్కడే పనిచేసేది మరి.

ఎంత తోముకున్నా, ఎంత నిమ్మకాయ రుద్దుకున్నా మాగ్రీటాని ఆ వాసన వదిలేది కాదు. వీధి పిల్లులు ఆమె వెనకాలే నడిచేవి. బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. అలాంటిది ఒక సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంటే, ఒకడి పక్కన మాత్రం సీటు ఖాళీగా కనబడింది. వెళ్ళి కూర్చుంది. ముందు సీట్లవాళ్ళు చప్పున కిటికీలు తెరిచేశారు.

"చేపల ఫ్యాక్టరీయా?" అన్నాడు పక్కవాడు.

"నీకెలా తెలుసు?"

"ఆకలేస్తోంది."

మాగ్రీటా వాడి వైపు తిరిగి ఒకసారి ఊపిరి పీల్చింది. "నువ్వు రెట్టల తిన్నె మీద పనిచేస్తావు కదూ?"

"నీకెలా తెలుసు?"

"నాకు ఆకలి చచ్చింది."

వాడి పేరు వైనో. ఉత్తరాది ఓవాంబో తెగ మనిషి. ఒడ్డుకి కొంచెం దూరంలో, సముద్రంలో పాతిన స్తంభాల మీద పెద్ద చెక్క తిన్నె ఒకటి ఉంది. దానిమీద నీటికాకులు వేలకొద్దీ వాలతాయి. అవి పెట్టి వెళ్ళినదాన్ని గీకి, బస్తాల్లోకి ఎత్తి, ఎరువుగా ఓడల్లో పంపిస్తారు. వైనో పని గీకడం. ఆ తర్వాత వాళ్ళిద్దరూ రోజూ ఒకే సీటులో కూర్చున్నారు. వేరే సీటు ఎవరిస్తారు గనక?

పెళ్ళి మాట వచ్చేసరికి మాగ్రీటాని పెంచిన పెద్దమ్మ యాకోబా, కుయిసెబ్ ఏటి మీదున్న తన ఊరినుంచి గాడిదబండి కట్టుకుని దిగింది. బండినిండా నారా కాయలు. ఇసుక దిబ్బల్లో ముళ్ళపొదలకి కాసే ఆ కాయలే మా టోప్‌నార్ తెగవాళ్ళకి అన్నమూ, పాయసమూ.

"ఏం పని చేస్తాడే?"

"పక్షుల దగ్గర, పెద్దమ్మా."

"మేపుతాడా?"

"లేదు."

"పట్టి అమ్ముతాడా?"

"లేదు... వాటి వెనకాల శుభ్రం చేస్తాడు."

పెద్దమ్మ బండి దగ్గరి గాడిద వైపు చూసింది. "మన గాడిదకి నేను రోజూ చేసేది అదే కదే. దానికి జీతం కూడా ఇస్తారా?"

వైనో అరువు కోటు వేసుకుని, ఓడ నావికుడొకడిచ్చిన అత్తరు సీసా మొత్తం ఒంటిమీద వంపుకుని వచ్చాడు. పెద్దమ్మకి తుమ్ములు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, ఒక నారా కాయ కోసి ముందు పెట్టింది. అది సరిగ్గా పండని కాయ. పండనిది తింటే నోరు మండిపోతుందని మాలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఉత్తరాది అల్లుడికేం తెలుసు? మర్యాద పోతుందని అడుగుదాకా తినేశాడు. పెదవులు బన్నుల్లా ఉబ్బాయి. దారంతా బట్టీపట్టుకుని వచ్చిన ప్రసంగం గొంతులోనే ఉండిపోయింది.

"ఎదురు మాట్లాడకుండా తిన్నాడు," అంది పెద్దమ్మ తృప్తిగా. "చేసుకోవే."

మా ఊరి కుయిసెబ్‌మోండ్ పేటలో కాపురం పెట్టారు. ఒక కూతురు పుట్టింది, తాబితా. నాలుగు డబ్బులు వెనకేసుకుంటున్నారనగా చేపలు మాయమైపోయాయి. పడవలు వెళ్ళేవి, వలలు తడిపి తెచ్చేవి. ముందు ఒక ఫ్యాక్టరీ గొంతు మూగబోయింది, తర్వాత ఇంకొకటి, చివరికి మాగ్రీటాది. ఆ తర్వాత తిన్నె మీద కూడా మనుషుల్ని తగ్గించడం మొదలైంది. గీకడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు.

అప్పుడు మొదలైంది ఇంట్లో యుద్ధం.

"మీ ఫ్యాక్టరీ వాళ్ళు నా పక్షుల నోటికాడ కూడు లాక్కున్నారు," అన్నాడు వైనో.

"నీ పక్షులే కదయ్యా పొద్దస్తమానం సముద్రంలో మునిగేది? మా చేపల్ని మింగింది ఎవరు మరి?"

"పక్షి ఎంత, దాని పొట్ట ఎంత!"

"నీ పొట్ట చూస్తే తెలియడం లేదూ, గీకినవాడికే అంత వచ్చింది!"

వీధి రెండుగా చీలిపోయింది. చేపలమ్మలు మాగ్రీటా వైపు, రెట్టలవాళ్ళు వైనో వైపు. మొగుడూ పెళ్ళాలు తాబితా చేత కబుర్లు పంపుకునేవాళ్ళు. "ఉప్పు ఇటివ్వమని మీ అమ్మకి చెప్పు," అనేవాడు వైనో, అమ్మ మోచేతి పక్కనే కూర్చుని.

మాగ్రీటా ఇక ఊరుకోలేక ఒక ఉదయం గౌను ఎగదోపుకుంది. "పద, చూపించు మీ పక్షుల సంగతి." ఆడది తిన్నె ఎక్కడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. పడవలో తిన్నె దాకా వెళ్ళాక మేస్త్రీ అడ్డం వస్తే, "తప్పుకో నాయనా, మా చేపలు మేసిన అల్లుళ్ళని చూసుకోవాలి," అని నిచ్చెన ఎక్కేసింది.

పైన అంతా నిశ్శబ్దం. గూళ్ళు చాలావరకు ఖాళీ. ఉన్న ఒకటి రెండింటిలో పక్షిపిల్లలు ఎండిన ఆకుల్లా అతుక్కుని ఉన్నాయి. ఒక తల్లిపక్షి మాత్రం కదలకుండా నోరు తెరిచి కూర్చుంది. మాగ్రీటా ఆ గూడు ముందు వంగింది. కూత పెట్టిన ప్రతిసారీ పరుగెత్తి, తెల్లవార్లూ కోసిన తలలన్నీ గుర్తొచ్చాయి కాబోలు. చేతులు గౌనుకి తుడుచుకుంది, వాటికేమీ అంటకపోయినా.

"మేమే తినేశాం వైనో," అంది.

వైనో ఆ మాటకోసం నెలలుగా కాచుక్కూర్చున్నవాడే. తీరా విన్నాక గెలిచినట్టు అనిపించలేదు. "నేను గీకిన బస్తాలు కూడా తక్కువేం కాదులే," అన్నాడు. ఇద్దరూ కిందికి దిగారు, మాట్లాడుకుంటూనే.

వైనోకి ఉప్పు మడుల్లో పని దొరికింది. ఉప్పుకి వాసన ఉండదు. మొదటివారం మాగ్రీటా బస్సులో వాణ్ణి పోల్చుకోలేక, దాటుకుని వెళ్ళి ఇంకెవడి పక్కనో కూర్చుంది. తను రేవు గేటు దగ్గర రేకుల కొట్టు పెట్టి, పిండి ఉండలు నూనెలో వేయించి, పరాయి ఓడలు దింపిన చేపతో పెట్టేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మా ఊరు మాత్రం ఇంకా కొన్నేళ్ళు దక్షిణాఫ్రికా చేతిలోనే ఉండిపోయింది. ఉత్తరం రోడ్డుకి అడ్డంగా సరిహద్దు గడకర్ర. మాగ్రీటా దాన్ని కాసే పోలీసులకీ ఉండలు అమ్మింది. ఎవరి ప్రభుత్వమైనా ఆకలి ఒకటే అనేది.

ఆ గడకర్ర ఎత్తేసిన నెలలో, జాంబియా లారీలు బారులుగా రేవుకి వస్తుంటే, మంచి బేరాలన్నీ తాబితాకి అప్పగించి మాగ్రీటా మొగుడితో ఉత్తరాదికి బస్సెక్కింది. అన్నేళ్ళూ అటువైపు స్వాతంత్ర్యం కోసం యుద్ధం, తర్వాత కొట్టు. అత్తగారి ఊరు చూడడం అదే మొదలు.

వాళ్ళు దిగిన మధ్యాహ్నమే మబ్బు పట్టి, ఆకాశానికి చిల్లు పడినట్టు కురిసింది. ముసలి అత్తగారు ఇంట్లోంచి కేకేసింది. "లోపలికి రా అమ్మా, తడిసిపోతున్నావు!"

మాగ్రీటా కదల్లేదు. మా ఊళ్ళో మంచు దిగుతుంది గాని, వాన ఇలా ఎప్పుడు పడింది? రెండు చేతులూ చాపి, నెత్తిన తలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది.

"ఏమయ్యా," అంది మొగుడితో, "ఇంత నీళ్ళు ఊరికే పడతాయా ఇక్కడ?"

"ఊరికే."

"అయితే ఇది వదిలేసి, రెట్టలు గీకడానికి ఎందుకొచ్చావయ్యా మా ఊరికి?"

అత్తగారు గడప దగ్గరే నిలబడి, "నేనూ అదే అడిగానమ్మా అప్పుడు," అంది.