ఎర్రనేలలో కలిసిపోయిన ట్యాంకు

మూడు నెలలు శ్రమించి, జానెడు పొడవున్న నా సైనిక ట్యాంకు నమూనాకు ఈ రోజు రంగులు పూర్తి చేశాను. శత్రువు కంట పడకుండా, నమూనాతో వచ్చిన పుస్తకంలోని ఆకుపచ్చ రంగు విడిచి, మన రాప్తాడు ఎర్రమట్టి రంగు, ఎండిన వేరుశనగ కట్టె రంగు మచ్చలు మచ్చలుగా వేశాను.

"రాత్రిబడిలో చదివినోనికి పగటి రంగులేం తెలుస్తాయప్పా?" అని పొరుగింటి ఓబులేసు నలుగురిలో నవ్వాడు.

ట్యాంకును అతని బీడులోనే ఉంచి వెతకమన్నాను. ఎంత వెతికినా దొరకలేదు. ఈసారి ఆ నలుగురూ అతన్ని చూసి నవ్వారు. అంతలో అతని చెప్పు కింద ఫటుక్కుమంది.

"కనపల్లేదప్పా. నువ్వే గెలిచినావు పో!" అన్నాడు.

తొలి అడుగు పొరపాటేనని ఒప్పుకుంటాను. కానీ, ఆ చప్పుడు విన్న తరువాత అతడు మడమ తిప్పి మరొకసారి నొక్కాడు. మిత్రులారా, అది కూడా నా రంగుల గొప్పతనమేనా?