నీళ్ళకు తొవ్వ ఇచ్చిన అత్తమ్మ

మా అత్తమ్మ, అంటే మా నాన్నకు అక్క, ఈ వానాకాలం మొదట్లో పోయింది. నాచారంలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేసి, "అక్క పోయింది బిడ్డా" అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు. కొంతకాలంగా ఆమెకు ఊపిరి అందడం కష్టంగా ఉండేది. దవాఖానాకు పోదామంటే వద్దని, పీర్జాదిగూడలో తన కంకర యార్డు వెనక ఉన్న ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడే నిద్రలో వెళ్ళిపోయింది. ఉప్పల్ వైపు ఇల్లు కట్టుకున్నవాళ్ళలో కొందరికైనా ఆమె గుర్తుండే ఉంటుంది. కంకర గుట్టల మధ్య వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, తలకు తువ్వాల చుట్టుకుని కూర్చునే పెద్దావిడే మా అత్తమ్మ.

ఆ యార్డు మొదట మామయ్యది. కీసర వైపు రాళ్ళు కొట్టే క్రషర్ల నుంచి కంకర, రాతిపొడి తెప్పించి అమ్మేవాడు. ఆయన హఠాత్తుగా పోయాక, ఆడమనిషి టిప్పర్ డ్రైవర్లతో వేగలేదని, యార్డు ఎత్తేయమని చుట్టాలంతా చెప్పారు. అత్తమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఆయన జ్ఞాపకార్థ ప్రార్థన ముగిసిన మర్నాడు గేటు తీసి అదే కుర్చీలో కూర్చుంది.

లోడు రాగానే గుప్పెడు కంకర తీసి మగ్గులో నీళ్ళలో వేసి కలిపేది. నీళ్ళు మరీ బురదగా మారితే ఆ లోడు దించుకునేది కాదు. కసురుకునేదీ కాదు. డ్రైవర్‌కు చాయ్ పోయించి, "రాయికి మట్టి అంటుకుంటే సిమెంటు అంటుకోదు కొడుకా, కడిగిపిచ్చి తీస్కరా" అనేది. ఎండాకాలం పొద్దున్నే పైపు పట్టుకుని గుట్టలన్నీ తడిపేది. పక్కిళ్ళలో ఆరేసిన బట్టల మీద దుమ్ము పడకూడదని ఆమె తాపత్రయం. ఆ దుమ్ము ఎన్నేళ్ళుగానో తన ఊపిరితిత్తుల్లోకే పోతోందని మాకెవరికీ తట్టలేదు.

ఈ మధ్య అపార్ట్‌మెంట్లు పెరిగాక, గేటు దగ్గర తోటల్లో పరచడానికి నున్నటి తెల్ల రాళ్ళు కావాలని చాలామంది వచ్చేవారు. తెప్పించి ఇచ్చేది గానీ, ఒక మాట చెప్పకుండా ఉండేది కాదు. "తెల్లయి ఫొటోల మంచిగుంటయ్. ఎండకాలం గా మెరుపుకు కండ్లు తెరువలేం. మన బండ రంగే మనకు నయం." చెట్టు మొదట్లో రాళ్ళు కుప్ప పోయొద్దని, మొదలు చుట్టూ జానెడు మట్టి వదలమని చెప్పేది. కొందరు వినేవారు, కొందరు నవ్వి ఊరుకునేవారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పూలకుండీల అడుగున వేయడానికి కొంగున చిన్న కంకర మూట కట్టుకొచ్చేది. చుట్టాల ఇళ్ళకు పండ్లు తెచ్చే అత్తలను చూశాను గానీ, కంకర తెచ్చే అత్త మాకే ఉండేది.

ఆమె గురించి అందరికీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో చెంగిచెర్లలో మా చర్చి కట్టారు. పని మా నాన్నదే. ఆయన మేస్త్రీగా మొదలుపెట్టి చిన్న చిన్న కాంట్రాక్టులు చేసేవాడు. స్థలం వాలుగా ఉండటంతో పైభాగంలో మందిరం, కింది భాగంలో పిల్లల కోసం రేకుల షెడ్డు వేశారు. ఆ రెంటి మధ్య, పై మట్టి జారకుండా ఎత్తుగా రాతిగోడ లేపారు. క్రిస్మస్ లోపు పూర్తి కావాలని సంఘపెద్దలు తొందరపెట్టారు. గోడ వెనక సందును, పునాదుల్లోంచి తీసిన ఎర్రమట్టి పక్కనే ఉంటే దాంతోనే పూడ్చడం మొదలుపెట్టాడు నాన్న.

అది చూసి అత్తమ్మ ఎవరూ అడగకుండానే టిప్పర్ నిండా పెద్ద కంకర వేసుకుని వచ్చింది. గోడ వెనక కంకర నింపాలని, గోడలో అక్కడక్కడా పైపు ముక్కలు పెట్టాలని, లేకపోతే వాన నీళ్ళు మట్టిలో నిలిచి గోడను తోస్తాయని చెప్పింది. ఈ సంగతి తనకూ పుట్టుకతో తెలియదని, తన యార్డు గోడ కూలాకే తెలిసిందని కూడా చెప్పింది. పెద్దలు అక్కడే నిలబడి వింటున్నారు. నాన్న మొహం ఎర్రబడింది.

"పెద్దల ముంగట నన్ను చిన్నగ జేస్తున్నవ్ అక్కా. బండి ఎనక్కి తీస్కపో."

"సరే తమ్మీ" అని, నింపుకొచ్చిన టిప్పర్‌ను అలాగే తీసుకుపోయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కూడా నాన్న ఒక మూల, అత్తమ్మ ఒక మూల కూర్చునేవారు.

మరుసటి ఏడు వానలు విడవకుండా కురిశాయి. ఒక ఆదివారం నేను షెడ్డులో పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. పైన మందిరంలో ఆరాధన జరుగుతోంది. అత్తమ్మ ఆ దారిన ఎక్కడికో లోడు వేయించడానికి పోతూ, రోడ్డు మీంచి మా గోడను చూసిందట. మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంది. టిప్పర్ ఆపించి, బురదలో నడుచుకుంటూ షెడ్డు దగ్గరికి వచ్చింది. పరుగెత్తలేదు, అరవలేదు. నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"బిడ్డా, పిల్లలను తీస్కొని మీదికి నడువు. పాట ఆపకు. పాడుకుంటనే రాండ్రి."

నేను పాట ఆపకుండానే పిల్లలను లేపాను. పిల్లలు చేతులు పట్టుకుని, పాడుతూనే, వానలో మెట్లెక్కారు. చివరన అత్తమ్మ, చంకలో ఒక పసిదాన్ని ఎత్తుకుని వచ్చింది. చెప్పులు మర్చిపోయామని ఒకరిద్దరు వెనక్కి తిరిగితే, మెట్ల మీద అడ్డంగా నిలబడి ఎవరినీ కిందికి పోనివ్వలేదు. కాసేపటికి పెద్ద చప్పుడైంది. ఎవరో టిప్పర్‌లోంచి కంకర దించుతున్నారనుకున్నాం. చూస్తే గోడ లేదు, షెడ్డూ లేదు. రాళ్ళూ, ఎర్రటి బురదా ఉన్నాయి.

మందిరంలోంచి నాన్న పరుగున వచ్చాడు. నన్ను చూశాడు, పిల్లలను చూశాడు. మెట్ల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అత్తమ్మ పసిదాన్ని తల్లి చేతికిచ్చి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను అప్పుడే చెప్పాను కదా అని ఆమె ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

"రాళ్ళకేం కాలే తమ్మీ" అంది. "మళ్ళ పేర్చుదాం."

వానలు వెనకబట్టాక ఆ రాళ్ళతోనే మళ్ళీ గోడ లేచింది. నాన్న పేర్చాడు. అత్తమ్మ దగ్గరుండి గోడ వెనక కంకర పోయించింది, గోడ పొడవునా పైపులు పెట్టించింది. పిల్లలు ఆడుకునే చోట బురద కాకుండా సన్న కంకర పరిపించింది. పని అయ్యాక నాన్న భుజం తట్టి, "నీళ్ళకు తొవ్వ ఇస్తే అవి మన జోలికి రావు" అంది. ఆ దారి మాట నీళ్ళ గురించే చెప్పిందో, తమ ఇద్దరి గురించి కూడా చెప్పిందో నాకు తెలియదు. నాన్న మాత్రం తల ఊపాడు.

చివరి నెలల్లో నాన్న రోజూ సాయంత్రం యార్డుకు పోయి ఆమె మంచం పక్కన కూర్చునేవాడు. ఆమెకు మాట్లాడితే ఆయాసం వచ్చేది, అందుకని ఆయనే ఆ రోజు సైటు కబుర్లన్నీ చెప్పేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. ఎక్కడైనా తేడా అనిపిస్తే ఒక వేలు ఎత్తేది. నాన్న ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు.

ఆమెను సాగనంపిన వారానికి పెద్ద వాన కురిసింది. నాన్న ఫోన్ చేసి చెంగిచెర్ల పోదామన్నాడు. మేము వెళ్ళేసరికి వాన తగ్గింది, చర్చి ఆవరణలో ఎవరూ లేరు. గోడలోని పైపులన్నిట్లోంచి నీళ్ళు సన్నగా, తేటగా ధార కడుతున్నాయి. నాన్న గొడుగు మూసి నా చేతికిచ్చాడు. మొదటి పైపు కింద అరచెయ్యి పట్టి, అందులో నీళ్ళు నిండేదాకా ఆగి వదిలేశాడు. తర్వాత రెండో పైపు దగ్గరికి నడిచాడు. అలా గోడ చివరిదాకా, ఒక్కొక్క పైపు దగ్గర ఆగుతూ, చెయ్యి తడుపుకుంటూ పోతూనే ఉన్నాడు.