సబ్సిడీ పైపులు

మా అండమాన్ దీవుల్లో సబ్సిడీ అనే మాట చెవిన పడితే చాలు, మనుషులు చెప్పులేసుకుని బయలుదేరతారు. ఓడ టికెట్టుకు సబ్సిడీ, గ్యాసు బండకు సబ్సిడీ, పడవ ఇంజనుకు సబ్సిడీ. పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట వింటూ పెరిగినవాళ్లం. అందుకే, విదేశాల నుంచి వచ్చే సబ్సిడీ స్టీలు పైపుల మీద ప్రభుత్వం సమీక్ష జరుపుతోందని ఫోన్లలో వార్త తిరగగానే, డాలీగంజ్‌లో మా ఇంటి ముందు ఎండుచేపల ఆడవాళ్లంతా దీవులవాళ్లకిచ్చే ఐలాండర్ కార్డు జిరాక్సులు పట్టుకుని నిలబడ్డారు. మా సంఘానికి రాతకోతలు చూసేది నేనే. తెలుగు మీడియంలో నాలుగక్షరాలు నేర్చుకున్న పాపానికి ఆ పని నా నెత్తిన పడింది.

అందరికంటే ముందు మా పిన్ని ఉంది. "ఫారం ఎక్కడే గుంటా? ఫొటో కూడా తెచ్చినాను, దేఖో" అంది.

నాకు నవ్వాగలేదు. "ఆ సబ్సిడీ మనకి కాదు పిన్నీ. పైపులు సేసే పరాయి దేశం కంపెనీలకి ఆళ్ల సర్కారు ఇస్తాది. అందుకే ఆళ్లు సస్తాగా, సవగ్గా అమ్ముతారు. మన సర్కారు ఆ పైపుల మీద ఎప్పుడో టేక్స్ ఏసింది. ఇప్పుడు దాని గడువు అయిపోతంది. ఉంచాలా తీసీయాలా అని అందర్నీ అడుగుతన్నారు."

పిన్ని ఫొటోను జాకెట్లో దోపుకుంది. "ఆళ్ల సర్కారు ఆళ్ల సొమ్ము పెట్టి మనకి సస్తాగా పంపితే మధ్యలో మనోళ్లకి ఏటి నొప్పి?"

 నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది.

పైపులతో మాకేం పనో చెప్పాలి. జంగ్లీఘాట్‌లో పడవల నుంచి దిగిన చేపల్ని మేం ఒడ్డున ఇసుక మీద టార్పాలిన్లు పరిచి ఎండబెడతాం. గాలి లేస్తే ఇసుకంతా చేపల్లోనే ఉంటుంది. ఇసుక తగిలిన చేప చూస్తే హోటల్ వాళ్లు మొహం తిప్పుకుంటారు. ఒకసారి మామూలు ఇనుముతో ఎత్తయిన బల్లలు చేయించాం. ఉప్పుగాలికి, ఇక్కడి వానలకు అవి తుప్పుపట్టి చేపల మీద ఎర్ర మరకలు తేలాయి. ఇక స్టెయిన్‌లెస్ పైపులే దిక్కని దుకాణానికి వెళ్లి ధర అడిగి, నోరు మూసుకుని తిరిగొచ్చాం. ఆ టాక్స్ పోతే మీకు అందుతాయి దీదీ అని దుకాణం భయ్యా అన్నాడు.

అంతే, నాకు పట్టుదల వచ్చేసింది. పైపులు వాడేవాళ్లు కూడా విచారణలో మాట్లాడవచ్చని తెలిసింది. విచారణ జరిపే ఆఫీసుకు మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టి, వాళ్లు విసుక్కున్నా వదలకుండా వెంటపడి, వీడియోలో మాట్లాడటానికి అనుమతి తెచ్చుకున్నాను. టాక్స్ తీసేయమని చెప్పి రమ్మని సంఘం నన్ను పంపింది.

చిక్కల్లా మా తమ్ముడితో వచ్చింది. వాడు విశాఖ దగ్గర ఒక పైపుల మిల్లులో వెల్డరు. ఈ సంగతి ఎలా తెలిసిందో, వాడే ఫోన్ చేశాడు.

"అప్పా, ఆ ఇచారణలో నువ్వు మాట్లాడతన్నావంట, నిజమేనా?" మావాళ్లది సిక్కోలు వైపు. వాడు నన్ను అక్కా అనడు, అప్పా అంటాడు.

"నిజమే. టేక్స్ తీసీమంటాను."

"తీసీస్తే మా మిల్లు బంద్ అయిపోద్ది. ఇప్పటికే ఒక లైను ఆపీసినారు. సబ్సిడీ తిని వొచ్చే సరుకుతో మేం ఎలాగ పోటీ పడతాం?"

"సబ్సిడీ సబ్సిడీ అని ఏడుస్తావేటి? నువ్వు ఇంటికొచ్చే ఓడ టికెట్టు మరేటి? అది సబ్సిడీ కాదేటి?"

 వాడు మెల్లగా అన్నాడు. "నా టికెట్టు వల్ల ఎవుడి పనీ పోలేదు కదప్పా."

నేను ఫోన్ పెట్టేశాను. చిన్నప్పటి నుంచీ అంతే, వాడి చేత మాట పడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట నిజమైతే ఇంకా మండుతుంది. ఆ పూట వంటింట్లో నా చేతిలో పడ్డ గిన్నెలు చేసిన చప్పుడు పక్కింటివాళ్లకు కూడా వినబడే ఉంటుంది. అయినా మనసు మార్చుకోలేదు. వాడికి మిల్లు ఉంటే నాకు సంఘం ఉంది.

విచారణ రోజున ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చున్నాను. పిన్ని కెమెరాకు కనబడకుండా పక్కన పీట వేసుకుంది. వకీళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉన్నారు. "ఏటంటన్నారే?" అని పిన్ని. "ఇంకా నమస్కారాలే పిన్నీ" అని నేను.

ఇంతలో మిల్లువాళ్లు తెర మీదికి వచ్చారు. కోట్లు వేసుకున్న పెద్దల వెనక, యూనిఫాంలో, తల తడిపి నున్నగా దువ్వుకుని మా తమ్ముడు నిలబడ్డాడు. దీవుల్లో పెరిగినందుకు వాడికి హిందీ బాగా వచ్చు, అందుకని కార్మికుల తరఫున వాణ్ణి మాట్లాడమన్నారట. "అయ్యో, మన గుంటడే! సిక్కిపోయినాడు!" అని పిన్ని అరిచింది. మైకు కట్టేసే ఉంది కాబట్టి బతికిపోయాం.

ఆగిపోయిన లైను గురించి, ఇంటికి పంపేసిన తోటివాళ్ల గురించి వాడు చెప్పాడు. అక్కడితో ఆపి కూర్చోవచ్చు. కూర్చోలేదు. "అండమాన్ నుంచి మా అక్క కూడా మాట్లాడుతుంది సార్. వాళ్లు చేపల్ని ఇసుకలో ఎండబెడుతున్నారు. మా పైపు ధర వాళ్లకు అందదు. అదీ నిజమే, రాసుకోండి" అన్నాడు. పక్కనున్న మేనేజరు వాడి చొక్కా పట్టుకుని లాగడం నా చిన్న ఫోన్లో కూడా కనిపించింది.

నాకు వాణ్ణి ఒక్కటి వేయాలనిపించింది. పోట్లాడటానికి కొంగు బిగించి కూర్చున్నదాన్ని. నా మాట నాకంటే ముందు వాడే చెప్పేస్తే ఇంకెవరితో పోట్లాడను? కళ్లు తుడుచుకునేలోపే అధికారి నన్ను పిలిచారు.

హిందీలో చెప్పాను. "పైపులు మాకు చవగ్గా కావాలి. ఆ మాట చెప్పమనే నన్ను పంపారు, చెప్పాను. ఇక ఇది నా మాట. అక్కడివాళ్ల పని పోగొట్టి వచ్చే చవక మాకు వద్దు. టాక్స్ ఉంచండి. మా పైపులు మేం ఎలాగోలా తెచ్చుకుంటాం."

అధికారి కళ్లజోడు తీసి, "ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరు ఎవరి తరఫున వచ్చారు?" అని అడిగారు. తెరంతా నవ్వులు. పిన్ని మాత్రం నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "పోయిందే మన సబ్సిడీ!"

దాచిపెట్టే అలవాటు నాకు లేదు. ఆ సాయంత్రమే ఒడ్డుకు వెళ్లి, ఏం చెప్పమన్నారో, ఏం చెప్పి వచ్చానో, ఓడ టికెట్టు గురించి తమ్ముడు అన్న మాటతో సహా అందరికీ చెప్పేశాను. తిట్లు తిన్నాను. రోజూ తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చే ఒకామె, "తమ్ముడి కోసం మా నోట్లో మట్టి కొట్టినావు" అంది. "మీ తమ్ముడైనా అదే సెప్పీదాన్ని" అన్నాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం మానేసింది. బాధపడ్డాను కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను.

టాక్స్ కొనసాగుతుందని కొన్నాళ్లకు కబురు వచ్చింది. ఆ తర్వాత సెలవు పెట్టి తమ్ముడు ఓడ దిగాడు. మిల్లులో గీతలు పడ్డాయని పక్కన పెట్టిన పైపుల్ని మేనేజరును బతిమాలి కొని తెచ్చాడు. ఒడ్డునే కూర్చుని, మా అందరి ముందూ, చేపలు ఎండబెట్టే బల్ల ఒకటి వెల్డింగు చేశాడు. ఒక్కటే బల్ల. అందరి చేపలూ దాని మీద పట్టవు, వంతులు వేసుకుంటున్నాం. ఓడలో మనిషికి సబ్సిడీ ఇస్తున్నారు కదా, మా పైపుల ఓడ కిరాయికీ ఇమ్మని నేను ఇప్పుడు ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. కుదరదని ఇప్పటికే చెప్పారు. మళ్లీ వెళ్తాను. రెండో బల్ల లేచేదాకా వెళ్తూనే ఉంటాను.

మొదటి వంతు తుష్నాబాద్ ఆమెకు ఇచ్చాం. చేపలు పరుస్తూ పరుస్తూ ఆమె తమ్ముణ్ణి అడిగింది. "ఓడ టికెట్టు సబ్సిడీదేనా భయ్యా?"

"సబ్సిడీదే దీదీ."

ఆమె చేతికంటిన పొలుసు దులుపుకుని నావైపు తిరిగింది. "ఆ టికెట్టు వల్ల ఎవుడి పనీ పోలేదు కదా?" అంది.

ఇన్నాళ్లకు ఆమె నాతో అన్న మొదటి మాట అది.