మూట కంటే ముందు మాట

మా పిన్నిది పాత బట్టల గోదాములో పని. జనం విడిచేసిన చొక్కాలు, కోట్లు, దుప్పట్లు, కాలిజోళ్ళు లారీల్లో అక్కడికి చేరతాయి. మేడమీద వాటిని మూటలుగా బిగించి, రేకుతో చేసిన పెద్ద గొట్టంలోంచి కిందికి జారుస్తారు. కింద బల్లల దగ్గర నిలబడ్డవాళ్ళు మూట విప్పి ఉన్ని ఒకవైపు, నూలు ఒకవైపు, ఇంకా కొన్నాళ్ళు తొడగదగ్గవి ఒకవైపు వేరు చేస్తారు. గొట్టానికి మధ్యలో వంపు ఉంది. పైవాళ్ళకు కింద ఎవరున్నారో కనబడదు, కిందివాళ్ళకు మూట ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని పైన గొట్టం దగ్గర ఒక మనిషి నిలబడి, మూట వదిలే ముందు కేక వెయ్యాలి. ఆ కేక మా పిన్నిది.

గోదాములో అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. పనిలో చేరిన రోజు మా బాబాయి పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆమెను దింపడానికి వెళ్ళాడు. మేం "పిన్నీ, పిన్నీ" అనడం విని వాళ్ళు అదే పేరనుకున్నారు. రకరకాల భాషలవాళ్ళు, మన వరసలు వాళ్ళకేం తెలుస్తాయి. జీతం చీటీ మీద కూడా అలాగే అచ్చయ్యేది. ఆమెకంటే ఎంతో పెద్దవాడు, మేడమీద మూటలకు పట్టీలు బిగించే తాత కూడా "పిన్నిగారూ" అనేవాడు. ఆమె దిద్దలేదు. "పిలవనీ, నాదేం పోయింది. కని పెంచకుండానే ఇంతమంది దొరికారు" అనేది.

చేరిన కొత్తలో మూట వదిలే ముందు ఆమె, "మా తండ్రీ, కింద ఎవరికీ ఏమీ కాకుండా చూడు" అని గట్టిగా అనేది. నిజానికి అది కేక కాదు, ప్రార్థన. రేకు గొట్టం కాబట్టి కిందిదాకా మోగేది, వాళ్ళు పక్కకు జరిగేవారు. పోనుపోను మూటలు ఎక్కువయ్యాయి, ఊపిరి చాలలేదు. ప్రార్థన మొదట "మా తండ్రీ, చూడు" అయింది. తరవాత "మా తండ్రీ". చివరికి ఒట్టి "మా". మిగతాది ఆయనకు తెలుసులే అని ఆమె నమ్మకం. తెలిసినట్టే ఉంది. అన్నేళ్ళలో కింద ఒక్కరికీ గోరు చిట్లలేదు.

ఇలా ఉండగా కార్మికుల క్షేమం చూడటానికి కొత్త ఆఫీసరుగారు వచ్చారు. మంచి మనిషి. వచ్చీ రాగానే మెట్లకు రబ్బరు అంటించారు, బల్లల మూలలు గుండ్రంగా చెక్కించారు. మనిషన్నవాడికి దెబ్బ తగలకూడదన్నది ఆయన దీక్ష. ఆ వారమే గుండీలు కత్తిరించే బల్ల దగ్గరకు ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. వియత్నాం భాష ఆమెది. పైనుంచి "మా" అని వినబడగానే బల్ల కింద దూరింది.

"ఏమైంది తల్లీ?" అని ఆఫీసరుగారు వంగి అడిగారు.

"దయ్యం అంటున్నారు సార్. ఎటు వచ్చింది?"

ఆయనకు నిద్ర పట్టలేదు. మరునాడు అందరినీ పిలిచి కూర్చోబెట్టి, ఆ మాటకు ఎవరి భాషలో ఏం అర్థమో చెప్పమన్నారు.

తూకం వేసే ఆయన ఇటలీ భాషవాడు. "మాకు 'కానీ' అని అండీ. ఆమె 'కానీ' అంటుంది, నేను తూకం ఆపి మిగతాది చెబుతుందేమోనని చూస్తాను. ఇన్నేళ్ళయినా చెప్పలేదు."

ఉన్ని బల్ల అక్కది హంగరీ భాష. "మాకు 'ఈరోజు' అని. మూటమూటకీ గుర్తుచేస్తుంది. నేనైతే పనులు రేపటికి వాయిదా వెయ్యడం మానేశాను."

జోళ్ళు ఏరే అన్న మాట్లాడేది చైనా భాష. "మాకు రాగాన్నిబట్టి ఉంటుంది సార్. ఒక రాగంలో అమ్మ, ఒక రాగంలో గుర్రం, ఒక రాగంలో జనపనార, ఇంకో రాగంలో తిట్టడం. పిన్నికి ఒంట్లో ఎలా ఉందో చూసుకోవాలి. వారం మొదట్లో ఎక్కువగా తిట్టే."

"మరి మీరెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు ఆఫీసరుగారు.

"పెద్దావిడ, తిడితే తిట్టింది. పక్కకు జరిగేవాళ్ళం."

ఆయన లావుపాటి నిఘంటువు తెచ్చుకున్నారు. అందులో వెతికినకొద్దీ మాటకు మూలాలు పుట్టుకొచ్చాయి. ఇటలీవాళ్ళది "మరింత" అనే అర్థమున్న పాత లాటిను మాట అరిగి అలా అయిందట. వియత్నాం దయ్యమేమో సంస్కృతంలోని మారుడేనట. బుద్ధుడి తపస్సు చెడగొట్టబోయినవాడు, చైనా మీదుగా నడిచి నడిచి, దారిలో పేరు సగం రాల్చుకుని, అక్కడికి చేరేసరికి ఒట్టి దయ్యంగా మిగిలాడు. ఆఫీసరుగారు చదువుతూ చెమటలు తుడుచుకున్నారు.

"పిన్నిగారూ, మీ భాషలో?" అన్నారు చివరికి.

"మాది అని అండీ. అంటే మీది కాదు అని."

"మూట కంపెనీది కదమ్మా."

మా పిన్ని తల వంచుకుంది. అసలు సంగతి చెప్పడానికి సిగ్గేసింది. తనకూ దేవుడికీ మధ్యనున్న మాటను అందరి ముందూ విప్పి పరచడం ఆమెకు అలవాటు లేదు.

"ఎవరికీ ఏ అర్థమూ లేని మాట ఒకటి కావాలి" అని ఆఫీసరుగారు తేల్చారు. "సోమవారానికల్లా దొరక్కపోతే అక్కడ గంట పెట్టిస్తాను. మిమ్మల్ని నేలమాళిగలో చిరుగులు కుట్టే గదికి మారుస్తాను. అక్కడ పని తేలిక, చక్కగా కూర్చుని చేసుకోవచ్చు."

ఆయన మంచికే అన్నారు. కానీ చిరుగుల గదిలో ఉండేది ఒక్క మనిషే. పలకరించే దిక్కుండదు. అంతకంటే, గంట కొడితే మోగుతుంది సరే, అది ఎవరినీ వేడుకోదు కదా అని మా పిన్ని బెంగ. ఆ వారం ఇంట్లో ఆమెకు ముద్ద దిగలేదు.

మాటల వెతుకులాట మొదలైంది. ఆఫీసరుగారు "పో" అన్నారు. "అది మా భాషలో వెళ్ళగొట్టడమండీ, నా నోటితో ఎవరినీ అలా అనను" అంది పిన్ని. తూకం ఆయన, "మాకది పెద్ద నది, మూట బదులు నీళ్ళొస్తాయనుకుంటాం" అన్నాడు. "లో" అన్నారు. "గుర్రం" అంది ఉన్ని అక్క. "మీక్కూడా గుర్రమేనా" అని జోళ్ళన్న సంతోషించి ఆమెకు చెయ్యి కలిపాడు. "పైగా మాకు లోపలికి రమ్మన్నట్టు ఉంటుంది" అంది పిన్ని. "బా" అంటే గుండీల అమ్మాయి, "మూడు అని సార్, మూడు మూటలు పడేదాకా దగ్గరకు రాను" అంది. ఏ చిన్న మాట పట్టుకున్నా దానికి ఎవరో ఒక సొంతదారు ఉన్నాడు. దేవుడు నోళ్ళు ఎన్నో ఇచ్చి అక్షరాలు కొన్నే ఇచ్చాడు.

మాట తేలేదాకా మూట దించకూడదన్నారు. మేడమీద మూటలు పేరుకుపోయి కిటికీలు మూసుకుపోయాయి. పట్టీల తాత మూటల సందులోంచి చెయ్యి ఒక్కటి బయటపెట్టి టీ అందుకునేవాడు. ఆయన లోపల ఎక్కడున్నాడో తెలియక కిందివాళ్ళు ఆ చేతికే దండం పెట్టి కుశలం అడిగేవారు.

ఆఖరికి ఆఫీసరుగారే ఒక మాట తయారుచేశారు. "బ్జుక్." అందరూ అటూ ఇటూ తిప్పి చూశారు. ఏ భాషలోనూ అతకలేదు. ఆయన ముఖం వెలిగింది.

శని, ఆదివారాలు మా పిన్ని ఇంట్లో సాధన చేసింది. మా బాబాయిది క్షౌరశాల, ఇంటి ముందు గదిలోనే. వెనకగదిలోంచి "బ్జుక్" అన్నప్పుడల్లా కుర్చీలో కూర్చున్నాయన ఉలిక్కిపడేవాడు.

"మెల్లగా అనవే. ఇక్కడ ఒకాయన మెడ నా చేతిలో ఉంది" అన్నాడు బాబాయి.

"మెల్లగా అంటే వాళ్ళకేం వినబడుతుంది?"

"వినబడినా ఏం తెలుస్తుంది?"

"తెలియకూడదనే కదా."

సోమవారం పొద్దున ఆఫీసరుగారు వినడానికి కింద నిలబడ్డారు. పైన తాత మూటను గొట్టం అంచుకు తోశాడు. పిన్ని గుండెల నిండా గాలి పీల్చి, "బ్జుక్" అంది.

కింద ఎవరూ పక్కకు జరగలేదు. తరవాత ఉన్ని అక్క, "పిన్నికి ఏదో అయింది" అంది.

అంతే, అందరూ ఉన్నపళాన పరుగెత్తుకొచ్చారు. ఉన్ని అక్క నీళ్ళ చెంబుతో, తూకం ఆయన రాయి చేత్తో పట్టుకునే, జోళ్ళన్న చెరో చేతిలో చెరో జోడుతో. వచ్చి, మూట పడే చోట సరిగ్గా గొట్టం కిందే గుమిగూడి, తలలు లోపలికి పెట్టి "పిన్నీ, పిన్నీ" అని పిలవసాగారు. అందరికంటే లోపలికి దూరింది ఆఫీసరుగారి తల.

పైన మూట సగం జారింది. పిన్ని పట్టీ పట్టుకుని వేలాడుతోంది, తాత ఆమె నడుము పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. "బ్జుక్, బ్జుక్" అందామె.

"పొలమారింది. వీపు మీద కొట్టండి తాతా" అని కిందినుంచి జోళ్ళన్న.

"నాకేం కాలేదు, మూట వస్తోంది, తప్పుకోండి" అందామె.

"మూట సంగతి తరవాత చూద్దాం పిన్నిగారూ" అన్నారు ఆఫీసరుగారు గొట్టంలోంచి, ఎంతో ఆప్యాయంగా. "ముందు మీకెలా ఉందో చెప్పండి. ఊపిరి పీల్చండి."

పట్టీ చేతిలోంచి జారిపోయింది. అప్పుడు మా పిన్నికి కంపెనీ మాట గుర్తు లేదు, చిరుగుల గది గుర్తు లేదు. "మా తండ్రీ, కింద ఎవరికీ ఏమీ కాకుండా చూడు" అని మొత్తం ప్రార్థన, కొత్తలో అన్నట్టే, గొంతు చించుకుని అంది.

మొదటి అక్షరం దగ్గరే కింద ఖాళీ అయిపోయింది. ఏళ్ళ అలవాటు మరి, కాళ్ళు వాటంతట అవే జరిగాయి. ఆఫీసరుగారు కొత్తవారు, ఆయన కాళ్ళకు ఆ అలవాటు ఇంకా కాలేదు. గుండీల అమ్మాయి వెనక్కి వచ్చి, ఆయన బెల్టు రెండు చేతులా పట్టుకుని, "దయ్యం సార్, రండి" అని ఒక్క లాగు లాగింది. ఇద్దరూ ఉన్ని కుప్ప మీద పడ్డారు. మూట వచ్చి నేల అదిరేలా కూలింది.

కాసేపటికి ఆఫీసరుగారు ఆ మూట మీదే కూర్చుని పిన్నిని కిందికి పిలిపించారు. ఉన్ని అక్క ఇచ్చిన నీళ్ళు సగం తాగి, సగం పిన్ని చేతికిచ్చారు.

"చివర ఏదో పొడుగ్గా అన్నారు. ఏమిటమ్మా అది?"

పిన్ని ఇక దాచలేక చెప్పింది.

"అయితే ఇన్నేళ్ళూ మీరు వీళ్ళతో అనలేదా?"

"వీళ్ళతో మాట్లాడటానికి భోజనాల వేళ ఉంది కదండీ."

ఆయన గొట్టం వైపు చూశారు. "దేవుడితో అనే మాటను మార్చమని నేనెలా చెప్పను" అని లేచి, గంట ఆలోచన విరమించుకున్నారు. మధ్యాహ్నానికల్లా గోడమీద ఒక కాగితం అంటించారు: పైనుంచి ఏ శబ్దం వినిపించినా, పిన్నిగారిని పరామర్శించడానికి ఎవరూ గొట్టం కిందికి రాకూడదు.

పిన్ని మళ్ళీ మేడెక్కింది. వారం నాటి మూటలన్నీ దించాలి. ఒక్కో మూటకూ ఒక్కో "మా". చీకటి పడేలోగా కిటికీలు బయటపడ్డాయి, పట్టీల తాత మొత్తం మనిషి కనబడ్డాడు. పిన్ని గొంతు మాత్రం పూర్తిగా పోయింది. మరునాడు ఆమె మంచం మీద ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే, ఆఫీసరుగారే ఆ పూటకు పైకెక్కి కేక వేశారట. ఏమన్నారని మా బాబాయి అడిగితే గోదాములో ఎవరూ చెప్పలేదు. కాస్త పొడుగ్గానే అన్నారనీ, తాము మాత్రం తప్పుకున్నామనీ చెప్పారు.